పిడికిళ్లన్నీ ఒకే కొలత కావు

పాత మిత్రులం కొందరం చాలా కాలం తరువాత కలుసుకున్న ఒక సాయంత్రం, మాటల మధ్యలో ఒక మిత్రుడు తాను ఏడాదికి నాలుగైదు సార్లు కొకైన్ తీసుకుంటానని దాపరికం లేకుండా చెప్పాడు. అతడు మంచి ఉద్యోగంలో ఉన్నవాడు, నలుగురికీ సాయపడేవాడు, పిల్లలను ప్రాణంగా చూసుకునేవాడు. మాలో ఎవరో అభ్యంతరం చెప్పబోతే, "నా డబ్బు, నా ఒళ్లు. దీనివల్ల ఎవరికేం నష్టం జరిగిందో చెప్పండి" అన్నాడు. ఆ మాటలో పొగరు లేదు. నిజంగానే జవాబు తోచక అడిగిన ప్రశ్న అది. నాకూ ఆ క్షణాన జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆనాడు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు ఇక్కడ రాసుకుంటున్నాను.

"తిలాపాపం తలా పిడికెడు" అని మనం తేలికగా అనేస్తూ ఉంటాం. మాదకద్రవ్యాల వ్యాపారం విషయంలో ఈ సామెత మనల్ని రెండు విధాలుగా పక్కదారి పట్టిస్తుంది. అందరిదీ తప్పే కనుక ఏ ఒక్కరినీ నిలదీయనక్కర్లేదన్న నిర్లిప్తత ఒకటి, అందరి పిడికిలీ ఒకే కొలత అన్న భ్రమ మరొకటి. అమ్మేవాడిని అడిగితే కొనేవాడు ఉన్నాడు కనుకనే అమ్ముతున్నానంటాడు. కొనేవాడిని అడిగితే అమ్మేవాడు ఉన్నాడు కనుకనే అలవాటయిందంటాడు. రెండూ అబద్ధాలు కావు. అయినా ఒకరి వంతు పెరిగినంత మాత్రాన రెండోవారి వంతు తరిగిపోదు. ఎవరి వంతు ఎంత అన్నది, ఆ మనిషికి "వద్దు" అనగలిగే వీలు ఎంత ఉండిందో దాన్నిబట్టి తేలాలని నా అభిప్రాయం. ఆ కొలతతో చూస్తే నా మిత్రుడి పిడికిలి అతడనుకుంటున్నంత చిన్నది కాదు.

ఈ ప్రశ్నను ప్రపంచం ముందు సూటిగా పెట్టినవారిలో కొలంబియా మాజీ ఉపాధ్యక్షుడు ఫ్రాన్సిస్కో సాంటోస్ ఒకరు. 1990 సెప్టెంబరులో, ఆయన పత్రికారంగంలో ఉన్నప్పుడు, కొకైన్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ మనుషులు ఆయనను ఎత్తుకుపోయి దాదాపు ఎనిమిది నెలలు బంధించి ఉంచారు. ముఠా నాయకులను విచారణకు అమెరికాకు అప్పగించకుండా ప్రభుత్వం మెడలు వంచడానికి చేసిన అపహరణలలో అది ఒకటి. 2002 నుంచి 2010 వరకు ఉపాధ్యక్ష పదవిలో ఉన్న ఆయన, ఐరోపా దేశాలకు వెళ్లి "ఉమ్మడి బాధ్యత" అన్న పేరుతో జరిగిన ప్రచారానికి ముందు నిలిచారు. ఒక్క గ్రాము కొకైన్ కోసం నాలుగు చదరపు మీటర్ల వర్షారణ్యం నేలకూలుతున్నదని కొలంబియా ప్రభుత్వం ఆ ప్రచారంలో చెప్పింది. అడవుల గురించి, వాతావరణం గురించి నిజాయితీగా బాధపడుతూనే వారాంతంలో ఆ పొడి కొనుక్కునే చదువుకున్నవారిని ఉద్దేశించిన మాట అది.

ఆ మాట వెనుక ఒక దేశం పడ్డ బాధ ఉంది. ఎస్కోబార్ వ్యవహారాలను బయటపెట్టిన సంపాదకుడు గియేర్మో కానోను 1986 డిసెంబరు 17న ఆయన పత్రికా కార్యాలయం బయటే కాల్చి చంపారు. అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న లూయిస్ కార్లోస్ గలాన్‌ను 1989 ఆగస్టులో ఎన్నికల సభలోనే చంపారు. అదే ఏడాది నవంబరు 27న ఏవియాంకా సంస్థ విమానంలో బాంబు పేలి, అందులో ఉన్న 107 మందీ, శకలాలు మీద పడి నేల మీద ఉన్న మరో ముగ్గురూ చనిపోయారు. ఈ హత్యలన్నింటికీ పెట్టుబడి ఎక్కడినుంచి వచ్చింది? దూరదేశాల్లో విందుల్లో చిన్న చిన్న పొట్లాలకు చెల్లించిన డబ్బునుంచే వచ్చింది. ఆ డబ్బు ఇచ్చిన ఏ ఒక్కరూ ఒక సంపాదకుడిని చంపించాలని కోరుకోలేదు, నిజమే. కానీ ముఠా ఖజానాలో చేరిన డబ్బుకు ఇచ్చినవాడి ఉద్దేశంతో పని ఉండదు.

నా మిత్రుడి చేతికి వచ్చిన పొడి ఎక్కడ మొదలయిందో కాస్త దగ్గరగా చూడాలి. కొకైన్‌కు ముడిసరుకు కోకా ఆకు. కోకా పొదల మధ్య ఆ ఆకు దూసే కూలీలను కొలంబియాలో రాస్పాచిన్లు అంటారు. కొమ్మను పైనుంచి కిందికి రెండు చేతులతో గట్టిగా దూస్తే ఆకులన్నీ ఒక్కసారిగా రాలి వస్తాయి. చర్మం చిట్లిపోకుండా వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుంటారు. కూలి, దూసిన ఆకు తూకాన్నిబట్టి ఉంటుంది. ఆ ఆకును పొలం పక్కనే వేసిన పాకలో తరిగి, సిమెంటు చల్లి, పెట్రోలులో నానబెడతారు. మిగిలిన మురికి ద్రవం పక్కనున్న వాగులోకో నేలలోకో పోతుంది. అక్కడినుంచి ముద్దగా బయలుదేరిన సరుకు, ఎన్నో చేతులు మారి, మరిన్ని రసాయనాలు తాగి, తెల్లని పొడిగా మారేసరికి దాని ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. వీధిలో పలికే ఆ ధరలో రైతుకు దక్కేది అత్యల్పమైన భాగం.

ఆ రైతు ఆ పంట ఎందుకు వేస్తున్నాడని అడగడం న్యాయమే. రోడ్డు లేని ఊరిలో పండిన పండ్లు పడవలో రెండు రోజులు ప్రయాణించి సంతకు చేరేలోపు కుళ్లిపోతాయి. కోకా ముద్ద కుళ్లదు, బరువుండదు, కొనేవాడే ఇంటి గుమ్మం దగ్గరికి వస్తాడు. పైగా ఆ ప్రాంతాన్ని ఏలుతున్న సాయుధ ముఠా ఏ పంట వేయమంటే ఆ పంట వేయక తప్పదు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల విభాగం లెక్క ప్రకారం 2023లో కొలంబియాలో 2 లక్షల 53 వేల హెక్టార్లలో కోకా సాగయింది. ఆ నేలను నమ్ముకున్న కుటుంబాలు తప్పు చేయడం లేదని నేను అనను. కానీ వారికి ఉన్న "వద్దు" ఎంత? అది తిండి మానుకోవడంతో సమానం. నా మిత్రుడి "వద్దు" ఒక సాయంత్రపు సరదా మానుకోవడంతో సమానం.

అమ్మేవాడిదా, కొనేవాడిదా తప్పు అన్న తగవు కొత్తది కాదు. 1838లో చైనా చక్రవర్తి దావోగ్వాంగ్‌కు హువాంగ్ జుయెజి అనే అధికారి ఒక విన్నపం సమర్పించాడు. నల్లమందు పీల్చేవారు ఉన్నంతకాలం వ్యాపారం ఆగదు కనుక, వారికి ఒక ఏడాది గడువిచ్చి, అప్పటికీ మానకపోతే మరణశిక్ష వేయాలన్నది అతని వాదన. చక్రవర్తి ఆ విన్నపాన్ని రాష్ట్రాల అధిపతులకు పంపి అభిప్రాయాలు అడిగితే, ఎక్కువమంది ఒప్పుకోలేదు. తప్పంతా సరుకు తెచ్చి పోస్తున్నవారిదైతే పీల్చేవారిని చంపడమేమిటన్నారు. హువాంగ్‌ను బలపరచిన కొద్దిమందిలో లిన్ జెషు ఒకరు. ఆ లిన్‌నే చక్రవర్తి నల్లమందు వ్యాపారాన్ని అరికట్టడానికి గ్వాంగ్‌జౌ రేవుకు పంపాడు. 1839 జూన్‌లో ఆయన బ్రిటిష్ వ్యాపారుల దగ్గర స్వాధీనం చేసుకున్న దాదాపు 20 వేల పెట్టెల నల్లమందును హూమెన్ తీరాన గుంటలు తవ్వించి, నీటిలో సున్నంతో కలిపి కరిగించి సముద్రంలోకి వదిలించారు.

ఆ తరువాత జరిగింది గమనించదగినది. సరఫరాదారు తాను కేవలం కోరినవారికి కోరినది అందించే సేవకుడినని చెప్పుకుంటాడు. కానీ కొనడం ఆపుతామని కొనే దేశం గట్టిగా అన్న రోజున యుద్ధనౌకలు వచ్చాయి. 1842 నాన్‌జింగ్ సంధితో చైనా హాంకాంగ్‌ను వదులుకోవలసి వచ్చింది, భారీ పరిహారమూ చెల్లించవలసి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ భారతదేశంలో రైతులకు బయానాలిచ్చి గసగసాల పంట వేయించి, నల్లమందును వేలంలో అమ్మి, చైనా చట్టాన్ని తానే నేరుగా మీరినట్టు కనబడకుండా ప్రైవేటు వ్యాపారుల చేతులమీదుగా పంపేది. గిరాకీ ఉంది కనుక సరఫరా చేస్తున్నామన్న మాటలో సగం నిజమే ఉందని నేను నమ్మడానికి మొదటి కారణం ఈ చరిత్ర. గిరాకీని సరఫరాదారు పుట్టిస్తాడు, పెంచుతాడు, అవసరమైతే బలవంతాన నిలబెడతాడు.

రెండో కారణం నేను కళ్లారా చూసింది. నాకు బాగా దగ్గరైన కుటుంబంలోని ఒక కుర్రవాడు హెరాయిన్‌కు బానిసై, నెలల తరబడి చికిత్స పొంది ఇంటికి వచ్చాడు. వచ్చిన మూడో రోజున నేను వాళ్లింట్లో ఉన్నాను. అతడు తన ఫోను నా చేతికిచ్చి చూడమన్నాడు. పాత నంబర్లన్నీ తీసేశాడు కనుక పంపినవారి పేరు లేదు, అంకెలు మాత్రమే ఉన్నాయి. "వచ్చావట కదా. ఎలా ఉన్నావు? ఈసారికి డబ్బు వద్దులే" అని ఆ సందేశం. అంతకుమించి ఒక్క మాట లేదు. ఆ కుర్రవాడి చేయి వణకడం నేను చూశాను. అతడు అడగలేదు, వెతకలేదు, పిలవలేదు. అతడు మానేశాడని తెలిసే ఆ మనిషి గుమ్మం తట్టాడు. ఆ సందేశం పంపినవాడు తన పాపాన్ని కొనేవాడితో పంచుకునే హక్కు కోల్పోయాడని నాకు అనిపిస్తుంది.

ఫెంటనిల్ వచ్చాక ఈ సంగతి మరింత స్పష్టమయింది. హెరాయిన్ కంటే దాదాపు యాభై రెట్లు తీవ్రమైన ఈ కృత్రిమ మత్తుమందు రెండు మిల్లీగ్రాములు శరీరంలో చేరినా ప్రాణం పోవచ్చు. దీనికి పొలం అక్కర్లేదు, వాన అక్కర్లేదు. చైనానుంచి వచ్చిన రసాయనాలతో మెక్సికోలోని చాటుమాటు ప్రయోగశాలల్లో తయారయి, అచ్చం మందుల షాపులో దొరికే మాత్రల్లాగే అచ్చు వేయించుకుని అమెరికా చేరింది. అక్కడ 2021, 2022, 2023 సంవత్సరాల్లో వరుసగా ఏటా లక్ష మందికి పైగా మత్తుమందుల అధిక మోతాదువల్ల చనిపోయారు. ఆ మరణాల్లో అత్యధిక భాగానికి ఫెంటనిల్ వంటి కృత్రిమ మందులే కారణం. చనిపోయినవారిలో చాలామంది ఫెంటనిల్ కావాలని కోరుకోలేదు. నొప్పి మాత్ర అనుకుని ఒకరు, కొకైన్ అనుకుని ఇంకొకరు మింగారు, పీల్చారు. తన చేతిలో ఉన్నదేమిటో కొన్నవాడికే తెలియనప్పుడు, అది అతడు ఎంచుకున్న దారే కదా అని అమ్మినవాడు తప్పించుకోలేడు.

ఇంతవరకు రాసినది చదివి నా మిత్రుడు ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ ఇక్కడే అతని వంతు మొదలవుతుంది.

ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో 29 కోట్ల 20 లక్షల మంది ఏదో ఒక మాదకద్రవ్యాన్ని వాడారు. వారిలో వ్యసనరోగం అనదగిన స్థితిలో ఉన్నవారు 6 కోట్ల 40 లక్షలు. ఆ రోగుల్లో చికిత్స అందుతున్నది పదకొండు మందిలో ఒక్కరికే. అంటే వాడేవారిలో దాదాపు ఐదింట నాలుగు వంతుల మందికి ఇది రోగం కాదు. వారు మానగలరు, మానినా ఒళ్లు మెలితిరిగిపోదు. మరోవైపు, సరుకులో ఎక్కువ భాగం ఖర్చయ్యేది రోజూ వాడకుండా ఉండలేని కొద్దిమంది దగ్గరే. ఇది ఈ మొత్తం విషయంలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన సంగతి. వ్యాపారాన్ని ఎక్కువగా మోస్తున్నవారికి "వద్దు" అనే శక్తి తక్కువ. "వద్దు" అనే శక్తి ఉన్నవారు, తాము కొనేది ఎంతలే అని తప్పుకుంటారు.

తప్పుకోవడానికి వీల్లేదని నేనెందుకు అంటున్నానంటే, అప్పుడప్పుడు వాడేవాడు ఇచ్చేది డబ్బు ఒక్కటే కాదు. అతడు ఆ వస్తువుకు గౌరవం ఇస్తాడు. పరువుగల ఉద్యోగి, ఆరోగ్యంగా, నవ్వుతూ, నలుగురి మధ్య వాడినప్పుడు, పక్కనే ఉన్న ఇరవై ఏళ్లవాడికి భయం పోతుంది. ఆ ఇరవై ఏళ్లవాడు రేపు ఏ వర్గంలో చేరతాడో, మానగలిగే నలుగురిలోనో, మానలేని ఆ ఒక్కడిగానో, ఎవరూ ముందుగా చెప్పలేరు. నేను పైన చెప్పిన కుర్రవాడికి మొదటిసారి అందించింది ముఠా మనిషి కాదు. అతడు ఎంతో అభిమానించే ఒక పెద్ద అన్నయ్యలాంటివాడు. ఆ అన్నయ్య ఈనాటికీ అప్పుడప్పుడూ మాత్రమే వాడుతున్నాడు.

వాడేవారికి బాధ్యత ఉందని చెప్పడానికి భయపడవలసిన కారణం కూడా ఒకటుంది. ఆ మాటను అధికారం చేతికి తీసుకుంటే ఏమవుతుందో ఫిలిప్పీన్స్ చూసింది. 2016లో రోద్రిగో దుతెర్తే అధ్యక్షుడయ్యాక జరిగిన మాదకద్రవ్య వ్యతిరేక చర్యల్లో పోలీసుల చేతుల్లోనే ఆరు వేల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. మానవహక్కుల సంఘాల లెక్కలు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. చచ్చిపోయినవారిలో ఎక్కువమంది పేదవాడల్లోని చిన్న వాడకందార్లు, చిల్లరగా అమ్ముకునేవారు. 2025 మార్చిలో దుతెర్తేను అరెస్టు చేసి హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి అప్పగించారు. బాధ్యత అనే మాట శిక్ష అనే మాటకు మారుపేరు కాదు. శిక్ష ఎప్పుడూ దొరికినవాడికే పడుతుంది, దొరికేవాడు ఎప్పుడూ బలహీనుడే.

బలవంతుల సంగతి ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మెక్సికో, కొలంబియా ముఠాలకు చెందిన కనీసం 88 కోట్ల డాలర్లు తమ ద్వారా చలామణీ అయ్యేటట్లు నియంత్రణలను గాలికి వదిలేసినందుకు, హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు 2012 డిసెంబరులో అమెరికా ప్రభుత్వంతో రాజీ కుదుర్చుకుని 190 కోట్ల డాలర్లు చెల్లించింది. ఒక్క అధికారి కూడా జైలుకు వెళ్లలేదు. కోకా ఆకు దూసే కూలీకీ, పొట్లం కొనే మిత్రుడికీ మధ్య ఉన్న గొలుసులో ఇటువంటి ఇస్త్రీ చొక్కాలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు మెక్సికో గురించి కొంచెం ఆగి చెప్పాలి. అక్కడ ప్రభుత్వ జాబితా ప్రకారమే అదృశ్యమైనవారి సంఖ్య 2022 మే నాటికి లక్ష దాటింది. వీరిలో అత్యధికులు 2006లో ప్రభుత్వం ముఠాలపై సైన్యాన్ని దించిన తరువాతి సంవత్సరాల్లో కనబడకుండా పోయినవారే. పోలీసులు వెతకరని తెలిసిన తల్లులు గుంపులుగా తామే వెతుకుతారు. ఒక పొడుగాటి ఇనుప కడ్డీ, పైన అడ్డంగా ఒక పిడి. నేల కాస్త మెత్తగా, కొత్తగా తవ్వినట్లు కనిపించిన చోట ఆ కడ్డీని సుత్తితో లోపలికి దిగగొడతారు. మెల్లగా పైకి లాగుతారు. దాని కొనను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. మట్టి వాసన వస్తే రెండడుగులు ముందుకు వెళ్లి మళ్లీ దిగగొడతారు. వేరే వాసన వస్తే అక్కడ పలుగులు, పారలు తీస్తారు. దొరికింది తన బిడ్డ ఎముకలు కాకపోయినా ఏ తల్లికో ఆ వెతుకులాట ముగిసింది కదా అని ఏడుస్తారు. ఇలా వెతుకుతున్నందుకే చంపబడిన తల్లులు కూడా ఉన్నారు. ఎవరికేం నష్టం జరిగిందో చెప్పమన్న ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఆ ఇనుప కడ్డీ.

సరఫరాను మాత్రమే అణచివేస్తే సరిపోతుందా? అనుభవం వేరుగా చెబుతోంది. 1970ల మొదట్లో టర్కీ హెరాయిన్‌కు మూలమైన గసగసాల సాగును నిషేధిస్తే అమెరికా వీధుల్లోకి మెక్సికో హెరాయిన్ వచ్చింది. 1990లలో పెరూ, బొలీవియాల్లో కోకా తగ్గితే కొలంబియాలో పెరిగింది. బుడగను ఒక చోట నొక్కితే మరో చోట ఉబ్బినట్లే ఇది. 2022 ఏప్రిల్‌లో తాలిబన్లు నల్లమందు సాగును నిషేధించగా, 2023 నాటికి ఆఫ్ఘనిస్తాన్‌లో ఆ సాగు 95 శాతం పడిపోయి, 2 లక్షల 33 వేల హెక్టార్లనుంచి 10,800 హెక్టార్లకు చేరింది. అదే ఏడాది దాదాపు 1,080 టన్నులతో నల్లమందు ఉత్పత్తిలో మయన్మార్ మొదటి స్థానానికి వచ్చింది. ఆఫ్ఘన్ రైతులు ఒక్క ఏడాదిలో వంద కోట్ల డాలర్లకు పైగా ఆదాయం పోగొట్టుకున్నారు. పంట మీద ముందే అప్పు తెచ్చుకున్న కుటుంబాలు అవి. సాయంత్రం గసగసాల కాయకు గాటు పెట్టి, రాత్రంతా కారి గట్టిపడిన జిగురును తెల్లవారగానే గీకి తీసిన ఆ చేతులకు బదులు మరెక్కడో మరో చేతులు వచ్చాయి. పీల్చేవాడి ఊపిరి మాత్రం మారలేదు.

1998 జూన్‌లో న్యూయార్క్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి ప్రత్యేక సమావేశం మాదకద్రవ్యాల సమస్యను ఉమ్మడి బాధ్యతగా ప్రకటించింది. 2009 మార్చిలో అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ మెక్సికో ప్రయాణంలో, తమ దేశపు తీరని గిరాకీయే ఈ వ్యాపారాన్ని నడిపిస్తున్నదని బహిరంగంగా ఒప్పుకున్నారు. దేశాల మధ్య ఒప్పుకోలు వరకు వచ్చిన ఈ మాట, మనుషుల మధ్యకు ఇంకా రాలేదు.

చట్టాలే ఇంత హింసకు మూలం, నిషేధం ఎత్తేస్తే ముఠాలు ఉండవు అన్న వాదన నా మిత్రుడూ చేశాడు. అందులో బలం ఉంది. 2001లో పోర్చుగల్, పది రోజుల వాడకానికి మించని సరుకు దగ్గరున్నవారిని నేరస్తులుగా చూడడం మానేసి, వైద్యులు, సామాజిక కార్యకర్తలు ఉండే కమిషన్ల ముందుకు పంపడం మొదలుపెట్టింది. మత్తుమందును సూదితో ఎక్కించుకోవడం ద్వారా సోకే హెచ్‌ఐవీ కేసులు అక్కడ బాగా తగ్గాయి. అయితే అమ్మడం అక్కడ నేటికీ నేరమే. చికిత్సా ఏర్పాట్లు సిద్ధం కాకముందే 2021లో ఇదే దారి పట్టిన అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, 2024లో మళ్లీ వెనక్కి తగ్గింది. చట్టం మార్చాలని పోరాడేవారిని నేను గౌరవిస్తాను. కానీ చట్టం ఏదో ఒకనాడు మారవచ్చునన్న ఆశ, ఈ రోజు ఇచ్చే డబ్బు ఈ రోజు ఏ చేతికి చేరుతున్నదన్న సంగతిని మార్చదు.

ఇందులో చాలా భాగం పోయిన వారం ఆ మిత్రుడికి ఫోనులో చెప్పాను. ఓపికగా విన్నాడు. "అయితే నన్ను జైల్లో వేయాలంటావా?" అని అడిగాడు. వద్దన్నాను. నిన్ను జైల్లో వేస్తే ఆ తల్లులకు ఒరిగేదేమీ లేదని, నువ్వు మానగలవాడివి కనుకనే నిన్ను అడుగుతున్నానని, మానలేనివాడిని ఈ మాట అడిగే హక్కు నాకు లేదని చెప్పాను. తనకు తెచ్చి ఇచ్చేవాడు ముఠా మనిషి కాదని, చదువుకుంటున్న మంచి కుర్రవాడని అన్నాడు. అతని పేరేమిటని అడిగాను. అసలు పేరు తెలియదన్నాడు.

"మరి ఫోనులో ఏమని పెట్టుకున్నావు?"

కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎలక్ట్రీషియన్ అని" అన్నాడు. "ఇంట్లో పిల్లలు నా ఫోను తీస్తూ ఉంటారు కదా."